ఊడదీసిన నాలుగు నాడాలు

నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. పశువుల డాక్టరుని. ఇటుక బట్టీలకు బండ్లు లాగే గుర్రాలకు వైద్యం చేయడం నా ఉద్యోగం. ఎవరో చెప్పమంటే చెబుతున్నది కాదు.

బండివాడు ఇచ్చిన ఫిర్యాదు నిజమే. అతని గుర్రం నాడాలు నాలుగూ నేనే తీసుకుపోయాను.

ఆ గుర్రానికి మెడకు కట్టే పట్టెడ ఒరుసుకుని కుడి భుజం మీద పుండు పడింది. కడిగి మందు రాసి, మానేదాకా బండి కట్టవద్దని చెప్పాను. గంగిరెద్దులా తల ఊపాడు. మర్నాడు కట్టాడు. మళ్ళీ కడిగాను, మళ్ళీ చెప్పాను, మళ్ళీ కట్టాడు. మూడోసారికి పుండులో ఎముక కనబడింది. ఇంకా కడితే గుర్రం దక్కదన్నాను.

"నాకు తెలీదా డాక్టరమ్మా? ఇది నిలబడిపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు" అన్నాడు.

కళ్ళెం లాక్కుంటే తాడు కడతారు. పట్టెడ లాక్కుంటే పక్కింట్లో అడిగి తెచ్చుకుంటారు. నాడాలు లేకపోతే మాత్రం ఆ కంకర దారిలో గుర్రం అడుగు వేయదు. నాడాలు కొట్టేవాడు మళ్ళీ వచ్చేది వచ్చే నెలలోనే. అందుకని సోమవారం సాయంత్రం, అతను టీకి వెళ్ళినప్పుడు, పటకారుతో నాలుగూ ఊడదీసి సంచిలో వేసుకున్నాను. అతని భార్య చూస్తూ నిలబడింది. వద్దనలేదు. ఆమెను ఇందులోకి లాగకండి.

గుర్రం నిలబడితే బండి నిలబడుతుందనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత తెలివితక్కువ లెక్క ఎప్పుడూ వేయలేదు.

గురువారం ఉదయం పుండు చూద్దామని వెళ్తుంటే బట్టీ దారిలో బండి ఎదురైంది. నొగల మధ్య, గుర్రం ఉండాల్సిన చోట, అతనున్నాడు. భార్య వెనక నుంచి తోస్తోంది. బండి నిండా ఇటుకలు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అతను బండి దించి, "మీ మీద స్టేషన్లో చెప్పొచ్చానమ్మా" అన్నాడు. మంచిపని చేశావన్నాను. అతని చొక్కా భుజం దగ్గర రక్తానికి అంటుకుపోయి ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా విడదీశాను. మనుషుల మందు నా దగ్గర లేదు. గుర్రానికి రాసేదే రాశాను.

"నన్ను కూడా పని మానమంటారా డాక్టరమ్మా?" అన్నాడు.

గుర్రం పుండు చూసి, సంచి తీసుకుని ఇక్కడికి వచ్చాను.

నాడాలు మీ బల్ల మీద పెట్టాను. గుర్రం పుండు మానుతోంది. వాటిని అతనికి ఇప్పుడే ఇవ్వాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా అని మాత్రం నన్ను అడగకండి.

రాసుకున్నదంతా చదివి వినిపించారు. నేను చెప్పినదానికి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

(సంతకం)