చెరిపిన పేరు

అమీర్‌పేట పాత గుడి మండపానికి మరమ్మతు జరుగుతోంది. చూపు మందగించిన ముసలి మేస్త్రీ వచ్చి, మొదటి స్తంభాన్ని తడుముతూ అక్కడ పనిచేస్తున్న శిల్పిని అడిగాడు.

"నా పేరు ఈడనే ఉండాలె గదా?"

"ఉండె. పొద్దుగాల నేనే చెరిపేసిన."

"ఎందుకు?"

"గీ సింహాలు, గీ నాట్యమాడే బొమ్మలు మా నాయిన చెక్కినయి. ఆయన్ని ఎల్లగొట్టి నీ పేరు చెక్కించుకున్నవు."

మేస్త్రీ కాదనలేదు.

"మరి మీ నాయిన పేరు పెట్టినవా?"

"పెట్టలె. పెడితే, ఇంతకుముందు ఎవరి పేరుండెనని జనం అడుగుతరు. నీ పేరు మళ్ల నోట్లెకొస్తది."

"తండ్రి పేరు సుత వద్దనుకున్నవా?"

"నీది పోతే చాలు."

మేస్త్రీ మెట్లకోసం కాలితో వెతుక్కుంటుంటే, శిల్పి చూస్తూ నిలబడ్డాడు తప్ప చెయ్యి అందించలేదు.