నూనె గుడ్డలు

ఇగో, మల్ల గదే లొల్లి! నీ నూనె గుడ్డలు నా చీరెల పక్కకే ఆరేస్తుంటివాయె. ఇరువై ఏండ్లు కొట్లాడిన నీతోటి. ముద్దజేసి మూలకు పడేయరాదయ్యా అంటే ఇంటివా? ఒక్కొక్కటి ఇడదీసి తీగ మీద పరుస్తివి. అవిసె నూనె గుడ్డ ముద్దగ పడుంటే లోపట్నే ఉడుకెక్కి తనంతల తనే అంటుకుంటదట! ఖానాపూర్ల నీ దుకాణం గట్లనే కాలిందని చెప్తే నవ్విన. వడ్లాయనకు కట్టెపని తక్వ, కతలెక్వ అన్న.

ఫోటోల కూసోని గట్ల సూడకు. సచ్చిన మూడేండ్లకు నువ్వే గెలిచినవ్ పో.

నువ్వు వోయినంక కరీంనగర్ల, గ్రానైట్ శ్యాంసుందర్ సారింట్ల పనికి కుదిరిన గదా. ఇంటి ముంగట గడ్డిల పన్నెండు టేకు కుర్సీలు, ఓ పెద్ద బల్ల. ఎండకు, వానకు ఆడనే. సబ్బునీళ్లతోటి కడుగుడు, రెండు దినాలు ఆరవెట్టుడు, గప్పుడు అవిసె నూనె. నీ దగ్గర సూసిందే. పాలిపోయిన కట్టె ఎర్రగ తేలేది. మేడం మస్తు మురిసేది.

పోయిన ఐతారం ఆళ్ల బిడ్డ ఫంక్షన్. ముందుగాల దినమంత వాన. కుర్సీలు నీళ్లు కారుతున్నయి. సారచ్చి, "లస్మవ్వా, నూనె పెట్టు. మెరవాలె" అన్నడు.

తడికట్టె నూనె తాగది సారూ, మీదనే నిలుస్తది, బట్టలకంటుతది అన్న.

"నాకే నేర్పుతవా?"

పెట్టిన. ఏం జెయ్యాలె మరి?

ఇగ సూడు! పట్టుచీరెలు, తెల్లంగిలు... లేసినోళ్ల ఎన్కంత జిడ్డే. సారు బామ్మర్ది తెల్లలాగు మీదనైతే కుర్సీ పట్టీలు అచ్చుగుద్దినట్టు దిగినయి!

సారు చెప్పు తీసిండు. అందరి ముంగట. చెంప మీద రెండు, వీపుల ఒకటి. పడ్డ. పడ్డంక డొక్కల తన్నిండు. అరువై ఏండ్లకచ్చిన ముసల్దాన్ని! ఒక్కడన్న ఆగు అన్లే. బిర్యానీ నములుకుంటనే సూసిన్రు. నోట్లె నెత్తురు, పన్నూడి చేతుల వడ్డది.

"నీ నెల జీతం గీ బట్టలకే చెల్లు. నడువ్!"

ఏడ్సిననా? థూ!

తెల్లారి జీతం కోసమే పోయి గేటుకాడ కూసున్న. ఎండ కణకణ. కుర్సీలన్ని ఒకదాని మీదొకటి వేర్చి ప్లాస్టిక్ తాడిపత్రి కప్పిన్రు. పగటీలి రెండింటికి దాని కిందికెళ్లి పొగ. పొగ ఎన్కనే మంట. సారు ఉరికచ్చి రెండు చేతులతోటి తాడిపత్రి గుంజిండు. కరిగిన ప్లాస్టిక్ చేతులకు అతుక్కున్నది. దులుపుకుంటే తోలుతోటే ఊడింది. మేక లెక్క అరిసిండు.

"లస్మవ్వా! నీళ్లు!"

గేటుపక్కకున్న పైపు అందుకున్న. నల్లా నా కాళ్లకాడ్నే. పది దాక లెక్కవెట్టి, గప్పుడు నల్లా ఇప్పిన.

కరెంటు వైరు తోటి అంటుకున్నదని అందరన్నరు. అననియ్.

నీకు దాస్తనా? పొద్దుగాల నేనే, డబ్బల మిగిలిన నూనెంత గుడ్డలకు పోసి, ముద్దజేసి, ఎవ్వలు సూడకుంట ఆ తాడిపత్రి కింద కుక్కిన. నువ్వు చెప్పింది నిజమేనా, సూద్దామనుకున్న. అంతే. ఆయన చేతులు పెడ్తడని నాకెర్కనా? ఎర్కున్నా ఆగుదునా? ఏమో.

నిన్న సారు దవఖానకెళ్లి ఇంటికచ్చిండు. మోచేతుల దాక కట్లు. పోయి, "నా నెల జీతం సారూ" అన్న. నా మొఖం దిక్కు సూసిండు. నల్లా దిక్కు సూసిండు. మేడానికి సైగ జేసిండు. నోట్లు ఆమెనే లెక్కవెట్టి నా చేతుల వెట్టింది.

ఏడువేల ఆరునూర్లు.