వంకర మెట్లు

నగరంలోకెల్లా పెద్ద మసీదు ముందు తాపీమేస్త్రీ కొత్త మెట్లు కట్టడం ముగించి చెమట తుడుచుకుంటున్నాడు. కమిటీకి కొత్తగా కార్యదర్శి అయిన రిటైర్డ్ ఇంజనీరు ఫోను పట్టుకుని వచ్చాడు.

“మెట్లు వంకరగా ఉన్నాయి మేస్త్రీ. రోడ్డుకి సమాంతరంగా లేవు. పగలగొట్టి మళ్లీ కట్టు.”

“నెల రోజుల పని సార్! ముప్పై ఏళ్లుగా లోపల ఏ గోడకేసి తిరిగి నమాజు చేస్తున్నారు?”

“మక్కా వైపున్న ఖిబ్లా గోడకేసి. ఇంకెటు తిరుగుతాను?”

“ఆ గోడనిబట్టే గుమ్మటం, మీనార్లు, మెట్లూ. మూడొందల ఏళ్ల కిందట దిక్కు చూసుకుని మసీదు కట్టారు. నిన్నగాక మొన్న వచ్చిన రోడ్డే వంకర.”

“నిజమేనయ్యా, కానీ ఫోటోలో వంకరగా పడుతున్నాయే! ప్రారంభోత్సవం కార్డు మీద వేయించాలి.”

“ఓ నాలుగడుగులు ఎడమకి జరగండి.”

ఇంజనీరు జరిగాడు.

“అరె, గుమ్మటం సరిగ్గా మధ్యకొచ్చింది! మెట్లూ తిన్నగానే ఉన్నాయి. మరి వెనక ఆ అపార్టుమెంటేంటయ్యా, అలా పక్కకి ఒరిగింది?”

మేస్త్రీ తాపీ కడుక్కుంటూ వినయంగా అన్నాడు.

“అది ఫోటో తప్పు కాదు సార్. దాని ప్లాను గీసింది మీరేగా.”

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“మెట్లు ఉండనీలే.”