ఊరంతా రైలెక్కిన రోజు

ఆ బోర్డు మీద జనాభా అరవై రెండని చదివి నవ్వుతున్నావు గానీ, కూర్చో నాయనా. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు. నెబ్రాస్కాలో మిగతా ఊళ్లు ఎందుకు పుట్టాయో నాకు తెలీదు, మా డెల్వా మాత్రం ఇంజనుకి దాహమేసి పుట్టింది. ఆవిరి ఇంజను ఇక్కడ నీళ్లు తాగందే కదిలేది కాదు. దానికి నీళ్లు పట్టేవాడు, బొగ్గెత్తేవాడు, వాళ్లకి వండిపెట్టేవాళ్లు, అలా అలా రెండు వేల మంది పోగయ్యారు. శనివారం సాయంత్రం బజార్లో భుజాలు రాసుకుంటూ నడవాల్సిందే. తర్వాత డీజిలు ఇంజనొచ్చింది. దానికి దాహం లేదాయె. ఓ రెండొందల మందిమి తప్ప ఊరంతా మూటాముల్లె సర్దుకుని ఒమాహా పట్నం పోయింది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే రెండు పెట్టెల బండి ఒకటి మిగిలింది మాకు.

ఎక్కడున్నాను? ఆఁ, అల్బీనా. అల్బీనా వోండ్రా, చెక్ దేశం వాళ్లావిడ. రేగుపళ్లలాంటి ప్రూన్ పళ్ల ముద్ద పెట్టి కొలాచీ రొట్టెలు చేసేది, అబ్బ, ఇప్పుడెవరికీ ఆ చెయ్యి లేదు. వాళ్లాయన ఎమిల్, ఆ బండి పోయే హేలన్ ఊళ్లో క్షయ ఆసుపత్రిలో ఉండేవాడు. ఆదివారం ఆదివారం ఆ రొట్టెలు మూట కట్టుకుని బండెక్కేది. కారు తోలడం రాదు, ఒకర్ని సాయమడిగే నోరూ లేదు. ఇంతలో ఎక్కేవాళ్లు లేరు, బండి ఆపేస్తారని వినపడింది. గురువారం రైలు కంపెనీ మనిషొచ్చి జనాన్ని లెక్కపెడతాడట. చర్చి భోజనాల దగ్గర అల్బీనా లేచి, "బండి ఆగిపోతే ఆయన్ని నేనెట్లా చూస్తాను?" అంది. అంతే, కూర్చుంది. స్టేషన్ మాస్టరు ఓటిస్ రీమర్ బల్ల గుద్దాడు. "ఆ రోజు పిల్లాజెల్లా అందరం ఎక్కాలి. కంపెనీవాడికి నిలబడ్డానికి చోటుండకూడదు!" అన్నాడు. నిజంగానే ఎక్కాం నాయనా. మంగలి కొట్టు మూసేశాడు, బ్యాంకు మూసేశారు, పాస్టరు గారు కిటికీలోంచి దూరారు. హేలన్‌లో ఐస్‌క్రీం తిని, పాడుకుంటూ సాయంత్రానికి తిరిగొచ్చాం, ఏనుగు కుంభస్థలం కొట్టినట్టు. స్టేషన్ చూసుకోవాలని ఆగిపోయిన ఓటిస్ ప్లాట్‌ఫారం మీద నిలబడున్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. కంపెనీ మనిషి రైల్లో రాలేదు. కారులో ఊళ్లోకొచ్చాడు. ఏ తలుపు కొట్టినా నరమానవుడు లేడు. "ఊళ్లో జనమేరయ్యా?" అని స్టేషన్‌కొచ్చి ఓటిస్‌ని నిలదీశాడట. "అందరూ రైలెక్కారండి." "నాతో వేళాకోళమా? సరే, నిన్న ఎంతమంది ఎక్కారు?" మా ఓటిస్ అబద్ధమాడలేని వెర్రిబాగులవాడు. "ఒక్కరండీ, ఒక కోళ్లబుట్టతో" అన్నాడు.

ఆకులు రాలే రోజులకి బండి ఆగిపోయింది. చివరి బండి వెళ్తుంటే అల్బీనా ఏడవలేదు, మేమే ఏడ్చాం. తర్వాత ఆదివారం ఆవిడ గుమ్మం ముందు మంగలి ట్రక్కు ఆగి ఉంది. ఆ పై వారం పాస్టరు గారిది, ఆ పై వారం నాది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎక్కేటప్పుడు "మీకు శ్రమ" అనేది. "నాకూ హేలన్‌లో పనుందమ్మా" అనేవాణ్ణి. ఆదివారం కొట్లన్నీ మూసుంటే పనేంటి, నా బొంద. ఎమిల్ పోయేదాకా ఒక్క వారం తప్పలేదు. తర్వాత ఆవిడా పోయింది. ట్రక్కులు తోలినవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

మా ఆవిడ లవోన్ ఇప్పుడు ఆ హేలన్‌లోనే ఉంది, ముసలాళ్లని చూసుకునే చోట. నా పేరు మర్చిపోయింది గానీ, చెయ్యి పట్టుకుంటే వదలదు. కళ్లు మసకలని మొన్న నా లైసెన్సు లాగేసుకున్నారు. అల్బీనా ఎవర్నీ అడగలేదు, అడక్కుండానే వచ్చేంత జనం ఉన్నారప్పుడు. ఇప్పుడు అడగాలి. ఆదివారం నన్ను తీసుకెళ్తావా?