లోపలి దారి

గోదారి లంక రేవులో పడవ దిగిన ఆయన, గడ్డిమోపు దించుకుని సేద తీరుతున్న ఒకామెను దారి అడిగాడు.

“బడికి ఎటమ్మా? మా ఆవిడ పదేళ్ళు ఇక్కడ టీచరు. పోయి ఏడాదైంది. తను నడిచిన దారిలో ఒక్కసారి నడుద్దామని వచ్చాను.”

“టీచరమ్మగారి ఆయనగారా మీరు! గట్టు మీద పోతే పావుగంటేనండి. ఆవిడ మాత్రం అరటితోటల్లోంచి లోపలి దారిన వెళ్ళేవారు.”

“అది చుట్టు కదా?”

“ముప్పావుగంటండి. మా పిల్లకి ఒక కాలు సరిగా లేదు, గట్టు ఎక్కలేకపోయేది. నేనేమో తెల్లారే కూలికి పోయేదాన్ని. రెండు పూటలా ఆవిడే చెయ్యి పట్టుకుని నడిపించేవారు.”

“మా ఆవిడ పడవ దాటిపోయిందంటూ రోజూ ఇంటికి ఆలస్యంగా వచ్చేది. ఎన్ని మాటలన్నానో!”

“తెలుసండి. మా వాకిట్లో నిలబడే మీకు ఫోన్ చేసేవారు. ‘ఆయన అరుస్తారు గానీ, నేను వెళ్ళేసరికి అన్నం వండి ఉంచుతారు’ అని నవ్వేవారు.”



“పిల్ల ఏం చేస్తోందమ్మా?”

“రాజమండ్రిలో ఇంటర్ చదువుతోందండి. రండి, ఆ దారి చూపిస్తాను. కాకపోతే అటు వెళ్తే మీకు తిరుగు పడవ అందదు.”

“పోనీలే అమ్మా. ఆలస్యమైందని అరిచేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.”