ఎలీసబెతు గారు తాగని మంచినీళ్ళు

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న రోల్డుగోల్డు వర్తకులు అబ్దుల్ ఖాదర్ గారికి, ముందు వరుసలో ఆహ్వానపత్రాలనే విసనకర్రలు చేసుకున్న పెద్దలకు, చోటు చాలక గోడ వెంట నిలబడిన కుళాయి పన్ను విభాగం మిత్రులకు, అక్కచెల్లెళ్ళకు నా నమస్సులు. ఈ హాలును మనకు ఉచితంగా ఇచ్చిన వెంకటాద్రి బావగారికి వేరుగా ఒక నమస్కారం. మా ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు; చిన్ననాడు మొదలైన పిలుపు, అంతే. హాలు మనకు ఉచితం. హాల్లో నీళ్ళు చాలాకాలంగా ఆయనకు ఉచితం. (నవ్వులు) కోపగించకండి బావా, ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇవాళ్టితో ఉద్యోగ విరమణ చేస్తున్న ఎలీసబెతు గారు మన బందరులో ఇంటింటికీ తిరిగి కుళాయి పన్ను వసూలు చేశారు. చేయాలని చూశారు అనడం సత్యానికి ఇంకొంచెం దగ్గర. ఎందుకంటే ఈ ఊళ్ళో రెండు గదుల ఇంటివాడు పన్ను కట్టి పడుకుంటాడు. రెండు వీధుల మేడలవాడు కట్టకుండానే పడుకుంటాడు, పైగా గాఢంగా పడుకుంటాడు. అద్దెలో నీళ్ళ డబ్బు కలిపి తీసుకుంటాడు గనుక వాడికి దాహమూ లేదు, బాకీ ఉన్నదన్న బెంగా లేదు.

అలాంటివారి కోసం పూర్వం ఇంటి ముందు డప్పు వేయించారు. నాలుగు రోజులకు ఆ డప్పు విని పిల్లలు చిందులు వేశారే గాని పెద్దలు బయటికి రాలేదు. తరువాత కుళాయిలు కోయించారు. ఒక వేసవిలో మన వెంకటాద్రి గారి అద్దె వాటాల వరుసకు కూడా కోత ఉత్తర్వు వచ్చింది. పనివాళ్ళు గొయ్యి తవ్వుతుంటే, అక్కడ ఒక గదిలో కుట్టుమిషను పెట్టుకున్న జరీనా ఖాళీ బిందెతో వచ్చి గోతిలో దిగి కూర్చున్నదట. నెలనెలా అద్దెతో పాటు నీళ్ళ డబ్బులు ఇచ్చాం కదా, ఇంక కోయాల్సింది మా పీకలేనా అని అడిగిందట. ఎలీసబెతు గారు ఆమెకు చెయ్యి అందించి పైకి లేపి, గొయ్యి పూడ్పించి, పనివాళ్ళను వెనక్కి పంపేశారు. ఉత్తర్వు ధిక్కరించారని మర్నాడు పైనుంచి మెమో అందుకున్నారు. జరీనా ఇక్కడే ఉంది; నేను తప్పు చెబితే లేచి దిద్దవచ్చు. (జరీనా లేవలేదు. నవ్వింది.)

అక్కడి నుంచే ఎలీసబెతు గారి సొంత పద్ధతి మొదలైంది. అయ్యా, మన వైపు ఇంటికి వచ్చినవారికి ముందు మంచినీళ్ళు ఇస్తాం, పని ఏమిటో తరువాత అడుగుతాం. వైరం ఉంటేనే, వాళ్ళింట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను అంటాం. ఆ మర్యాదనే ఈమె పట్టుకున్నారు. రోహిణి ఎండలో నడిచి వెంకటాద్రి గారి గుమ్మం ముందు నిలబడ్డారు. ఇల్లాలు రమణమ్మ గారు గ్లాసుతో ఎదురొచ్చారు.

"వద్దండి అమ్మగారూ. మీవారు బిల్లు కట్టిన రోజున నేనే వచ్చి, అడిగి తాగుతాను."

మా బావగారు మాటకు తక్కువవారు కాదు. నీళ్ళే తాగనప్పుడు నీళ్ళ పన్నుతో నీకేం పనమ్మా అన్నారట. (నవ్వులు) ఈమె మాత్రం నవ్వలేదు. నమస్కారం పెట్టి, ఎండిన పెదవులతోనే మెట్లు దిగారు. మన ఇంటి నుంచి మనిషి దాహంతో వెళ్ళిపోయిందండీ అని రమణమ్మ గారు ఆ పూట అన్నం ముట్టలేదని విన్నాను.

ఊరంతా ఇదే వరస. ఇల్లాళ్ళ పోరు పడలేక కట్టినవారు ఎందరో. ఈ సభ కోసం నేనొక ఆటవెలది కట్టాను, అవధరించండి.

నీరు త్రాగి, పన్ను నీకేల యను వాని
యింట నీరు ముట్ట దింతి యెపుడు;
ఎండ మండుచున్న నెలిసబెతమ్మకు
దప్పి కన్న మిన్న ధర్మదీక్ష.

(చప్పట్లు)

చప్పట్లు నా పద్యానికైతే వద్దు. దీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వినండి. ఈమె తండ్రి జ్ఞానయ్య గారిది హంసలదీవి దగ్గర పల్లె. ఉప్పునీటి ఊరు. ఈమె నాయనమ్మ దూరాన ఉన్న మంచినీళ్ళ బావికి నడిచి వెళ్ళి, గట్టుకు ఇవతలే నిలబడేదట. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే దోసిలి పట్టేది. పోయకపోతే పొద్దు వాలేదాకా నిలబడేది. మంత్రం చెప్పందే నీళ్ళు ముట్టని ఇళ్ళలో పుట్టిన మాబోటి వాళ్ళం నీటిని దేవత అన్నాం. ఆ దేవతను ఆమె దోసిట్లోకి మాత్రం దిగనివ్వలేదు. ఆ దోసిలి మనుమరాలు ఈనాడు మేడల ముందు నిలబడి గ్లాసు వద్దంటుంటే, లోపలివాళ్ళు పుచ్చుకోమని బతిమాలుతున్నారు. ఇది పగేమోనని కొందరన్నారు. నేను ఈమెనే అడిగాను.

"పగెందుకండీ మాస్టారూ. నీళ్ళు ఊరికే రావని మా ఇంట్లో ముందు తెలిసింది, అంతే."

అయినా దాచకుండా చెబుతాను, ఈమె గెలవలేదు. పెద్ద బాకీలు పెద్దవిగానే మిగిలాయి. కొందరు కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు, కొందరు ఫోన్లు చేయించారు, మరికొందరు అధికారి మారేదాకా ఓపిక పట్టారు. ఓడింది ఈమె అనుకుంటే పొరపాటు. ఒక మనిషి ఇంత దాహం ఓర్చుకున్నా కదలని ఊరు ఓడింది.

ఇప్పుడు వేదిక మీదికి చూడండి. ఎలీసబెతు గారి ముందు గంట క్రితం పెట్టిన గ్లాసు నిండుగానే ఉంది. ఫ్యానులు తిరగని ఈ హాల్లో ఆమె ఇప్పటికి రెండుసార్లు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. బావగారూ, మీరూ చూస్తూనే ఉన్నారు. ఉద్యోగంలో ఆఖరి పూట ఆమె మీ హాల్లోంచి దాహంతో దిగి వెళ్ళాలా?

(ముందు వరుస నుంచి వెంకటాద్రి గారు: "రేపు పొద్దున్నే కట్టించేస్తాను బావా. ముందు ఆవిణ్ణి తాగమనండి.")

(ఎలీసబెతు గారు, కుర్చీలోంచే: "రేపు నేనుండనండి. కౌంటరు ఉంటుంది.")



విన్నారు కదా. నేను ఎంత పొగిడినా ఆ రెండు ముక్కలకు సాటి రాదు. రేపు అన్న మాటను ఆమె కాదనలేదు, గ్లాసును మాత్రం ముట్టలేదు.

ఖాదర్ సాహెబు గారూ, నా గొంతు బొంగురుపోయిందని ఇందాకటి నుంచి గ్లాసు నా వైపు జరుపుతున్నారు. మీ ఆదరానికి కృతజ్ఞుణ్ణి. అది నేనూ ముట్టలేదు, ముట్టను. శాలువా ఇక్కడ కప్పుదాం. ఈ మలుపు తిరిగితే మా ఇల్లు. ఎలీసబెతు గారు ఏ నెలా రెండోసారి అడగనవసరం లేని ఇల్లు. కూజా నిండుగా ఉంది. తల్లీ, దాహం అక్కడ తీర్చుకుందువు గాని. మా ఆవిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఆలస్యం చేయడం మర్యాద కాదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.