రిజిస్టరులో లేని తల్లి

1979 మార్చి 14, బుధవారం. పొద్దున్నించీ సన్నగా వాన, మధ్యాహ్నానికి అదే మంచుపలుకుల వానగా మారింది. తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటావా రేలీన్, గుర్తుండక ఎక్కడికి పోతుంది. కూర్చోమ్మా. ఆ కుర్చీలో వద్దు, దాని నార వదులైపోయింది, అందులో కూర్చునే ఒడుపు నాకొక్కడికే తెలుసు. ఇటు కూర్చో. తెచ్చిన కాయితం బల్లమీద పెట్టు, అదెక్కడికీ ఎగిరిపోదు. ముందు మీ డెంజిల్ తాత సంగతి కదా అడిగావు. మీ అమ్మమ్మ ఓమా నీకెంతవరకు చెప్పిందో నాకు తెలీదు. ఆవిడ నాతో మాట్లాడి పద్నాలుగేళ్ళయింది. చర్చిలో నేను ఈ వరసలో కూర్చుంటే తను ఆ వరసకి పోతుంది. మంచిదే. నేనైనా అదే చేసేవాణ్ణి.

డెంజిల్ పుట్టిన రోజునే వాళ్ళమ్మ లీనా పోయింది. 48లో. మన కొండల్లో అప్పుడేం చేసేవాళ్ళో నీకు తెలుసుగా, తల్లిపోయిన పసిగుడ్డుని ఒడి ఖాళీగా ఉన్న మనిషి ఎత్తుకునేది. కోర్టుకెవడు పోతాడు, దత్తత కాయితాలెవడు రాయిస్తాడు? డెంజిల్ వాళ్ళ నాన్నకి అక్క వర్డీ. పిల్లల్లేరు, మొగుడు గనిలో పోయాడు. శవం లేచిన రోజునే దుప్పట్లో చుట్టుకుని పిల్లాణ్ణి తన ఇంటికి తెచ్చేసుకుంది. తర్వాత తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, మీ అమ్మమ్మ పుట్టింది, వాడు మాత్రం వర్డీ దగ్గరే. వర్డీని నువ్వు చూడలేదు. పొగాకు బుగ్గన పెట్టుకుని, చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఒలుస్తూ ఉండేది. చిన్నప్పుడు నేను వాళ్ళింటికి పోతే "ఏరా, బడిపంతులు కొడకా, నీ పుస్తకంలో చిక్కుడుకాయ ఎలా ఒలవాలో రాశారా?" అనేది. అంటూనే ఒళ్ళో గిన్నె పడేసేది. ఒలిస్తేగాని రొట్టె పెట్టేది కాదు. వాళ్ళింటి జొన్నరొట్టె... సరే, అది వేరే కథ.

అసలు కథ 69లో. అప్పటికి డెంజిల్ వియత్నాం పోయి, తుంటిలో ఇనపముక్క దిగి, దాన్ని తీయించుకుని వచ్చి జార్జియా క్యాంపులో ఉన్నాడు. నేను కాలేజీ చదివొచ్చి ఇక్కడ బళ్ళో మాస్టర్ని. మాస్టర్లని యుద్ధానికి పిలవలేదులే. నా ఈడువాళ్ళంతా అక్కడుంటే నేనిక్కడ వ్యాకరణం చెబుతున్నాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, సైనికుల కుటుంబాల సహాయ సంఘం ఒకటి ఉండేది, దాణా కొట్టు మీద మేడగదిలో, మంగళ శుక్రవారాలు సాయంత్రం అక్కడ కూర్చునేవాణ్ణి. ఏ సైనికుడైనా "ఇంట్లో కష్టం, సెలవు కావాలి" అంటే క్యాంపు నించి మాకు టెలిగ్రాం వచ్చేది, నిజమేనా అని. మేం విచారించి జవాబివ్వాలి. నాకు ముందు ఆ బల్ల దగ్గర ముసలి ఎల్కానా ఉండేవాడు. ఆయనకి తన పేరు రాయడానికే రెండు నిమిషాలు పట్టేది. ఏ టెలిగ్రాం వచ్చినా "నిజమే, కుర్రాణ్ణి త్వరగా పంపండి" అని ఒకటే జవాబు. అది చూసి నవ్వుకునేవాణ్ణి నేను. నేనొచ్చాక పద్ధతిగా చేయాలనుకున్నాను. ఆ ఏడాది అక్టోబర్లో ఒక టెలిగ్రాం వచ్చింది. ఫలానా సైనికుడు తన తల్లి వర్డీ చావుబతుకుల్లో ఉందంటున్నాడు, నిర్ధారించండి అని. వర్డీ కడుపులో పుండు, మంచం పట్టిందని ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఆవిడ చేతి రొట్టె తిన్నవాణ్ణి. అయినా ఏం చేశానో తెలుసా? రోడ్డు దాటి కోర్టుకి పోయి, జననమరణాల రిజిస్టరు తీయించి చూసి, జవాబు రాశాను. "సైనికుడి తల్లి లీనా 1948లో మరణించినది. వర్డీ అను ఆమె తండ్రి సోదరి." కింద హెచ్. సి. అని పొడి అక్షరాలు. హోబర్ట్ కూమ్స్ అని పూర్తిగా రాస్తే టెలిగ్రాంలో రెండు మాటలెక్కువ అవుతాయని. వర్డీ జబ్బుగా ఉందని కూడా రాయలేదు. అడిగింది తల్లి గురించి, తల్లి లేదు, అంతే. చక్కగా చేశాననుకుని ఆ పూట ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాను. ఆ మాట చాలాకాలం తర్వాత ఓమాకి చెబితే, "చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే మాస్టారూ" అంది. నాతో ఆవిడ ఆడిన ఆఖరి మాట అది.

క్యాంపులో సార్జెంటు వాణ్ణి నిలబెట్టి "ఇరవయ్యేళ్ళ కింద పోయిన తల్లి మళ్ళీ పోతోందా నాయనా?" అన్నాడట, అందరూ నవ్వారట. సెలవు లేదు. వాడు ఆ రాత్రే గోడ దూకి వచ్చేశాడు. వర్డీ ఇంకా ముప్పైమూడు రోజులు బతికింది. ఎత్తి కూర్చోబెట్టడం, చెంచాతో గంజి పట్టడం, బట్టలు మార్చడం, అన్నీ వాడే. మట్టిచేశాక వెంటనే పోలేదు. కొత్త సమాధి కుంగుతుంది కదా, వాన పడితే గుంట పడుతుంది, అది కుంగి మళ్ళీ మట్టి పోసి గట్టిచేసేదాకా ఎనిమిది రోజులున్నాడు. నలభైఒక్క రోజులు. తర్వాత తనంతట తనే బస్సెక్కి క్యాంపు గేటు దగ్గర దిగి "నేనొచ్చాను" అన్నాడు. చెప్పకుండా పోయాడు, పైగా సెలవు కోసం అబద్ధమాడాడు అని రాసి, చెడు నడవడి కింద డిశ్చార్జి చేసి పంపేశారు. ఆ కాయితం చూస్తే గని కంపెనీలు పనివ్వలేదు. సైనికుల ఆస్పత్రి తుంటి చూడనంది. కొండమీద హికరీ చెట్ల నార తీసుకుని కుర్చీలల్లుకుంటూ బతికాడు.

తర్వాత నేను మాజీ సైనికుల హాల్లో దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ణి. పాత డిశ్చార్జిల్ని మళ్ళీ పరిశీలిస్తారు, పదిహేనేళ్ళలోపు అడగాలి అని కబురొచ్చింది. 78లో డెంజిల్ కుంటుకుంటూ వచ్చి, "మాస్టారూ, నా తరఫున మీరే రావాలి" అన్నాడు. అందర్లోకీ నన్నే అడిగాడని పొంగిపోయాను. చూడూ, ఆ టెలిగ్రాం సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు. నిజం చెబుతున్నాను. అలాంటివి వందలు రాశాను. వాడు కూడా ఏమీ చెప్పలేదు, సెలవివ్వలేదు, వచ్చేశాను అన్నాడు, అంతే.

ఆ మార్చి 14న, డిశ్చార్జిల్ని పరిశీలించే బోర్డువాళ్ళు లూయివిల్ నగరానికి వచ్చారు. నా కారులో ఐదు గంటల దారి. వాడు ఓమా చేసిన ఎండు ఆపిళ్ళ కేకు గుడ్డలో కట్టి తెచ్చాడు. మూడో అంతస్తు వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి, అరగంట టైముంది చూసుకోండి అని ఫైలు నా చేతిలో పెట్టారు. నాలుగో పేజీ తిప్పాను. నేనిచ్చిన ఆ టెలిగ్రాం, కింద హెచ్. సి. పక్కనే కూర్చుని వాడు కిటికీలోంచి వాన చూస్తున్నాడు. "జోరయ్యేట్టుంది మాస్టారూ, తిరుగుదారిలో రోడ్డు గడ్డకడుతుంది" అన్నాడు. "ఊఁ" అన్నాను. పేజీ తిప్పేశాను.

లోపల ఐదుగురు ఆఫీసర్లు. పెద్దాయన ఒక కల్నల్, పడిశం పట్టి బిళ్ళ చప్పరిస్తున్నాడు. మంచివాడే. "ఏం కోరుతున్నావబ్బాయ్?" అన్నాడు. మొత్తం మార్చమని అడుగు, ఆస్పత్రి అడుగు అని దారంతా నేర్పాను వాడికి. వాడు లేచి నిలబడి, "చెప్పకుండా పోయిన మాట నిజమే అయ్యా. నలభైఒక్క రోజులు. దానికి మీరేం రాసినా సరే. అబద్ధమాడాడు అని ఒక ముక్క ఉంది. అదొక్కటీ కొట్టెయ్యండి" అన్నాడు. అని కూర్చున్నాడు. కల్నల్ ఫైలు చూసి, చూసి, "మరి ఈ టెలిగ్రాం ఉందే" అన్నాడు. "ఈవిడే ఇతన్ని పెంచిందని ఆ ఊరి మనిషెవరైనా చెబితే సంగతి వేరు. ఈ హెచ్. సి. ఎవరు? ఇతన్ని పిలిపించగలమా?" నా వైపు చూశాడు. నేను లేచాను. "ఆ ఆఫీసు మూసేసి ఆరేళ్ళయిందండీ" అన్నాను. కావాలంటే ఊళ్ళో అడుగు, మూసేసింది ఆరేళ్ళ కిందటే. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఎందుకు చెప్పలేదంటావు. ఆ ఏడాది హెడ్‌మాస్టరు పోస్టుకి నా పేరు నడుస్తోంది, అదొకటి. వాడి ముందు చెప్పడమెలా అని ఇంకోటి. ఇన్నేళ్ళలో ఇంకా చాలా కారణాలు దొరికాయిలే. ఏదీ నిలబడదు.

తిరుగుదారిలో వించెస్టర్ దగ్గర కాఫీకి ఆగాం. కారు అద్దాల మీద మంచు గీకుతూ నిలబడ్డాను. వాడు గుడ్డ విప్పి కేకు రెండు ముక్కలు చేసి, పెద్దది నాకిచ్చాడు. "మాస్టారూ, మీరు రాసింది రిజిస్టర్లో ఉన్నదే. తప్పు రాయలేదు" అన్నాడు. వాడికి తెలుసమ్మా. పదేళ్ళుగా తెలుసు. మీ ఊరి మనిషే ఇలా రాశాడని సార్జెంటు చదివి వినిపించాడట. దాణా కొట్టు మేడ మీద కూర్చునేది నేనొక్కణ్ణేగా. తెలిసీ ఇన్నేళ్ళు రోడ్డు మీద కనిపిస్తే టోపీ తీసేవాడు. తెలిసే ఈ కుర్చీ అల్లిచ్చాడు, 76లో. డబ్బిచ్చి కొనుక్కున్నాలే. "మరి నన్నెందుకు రమ్మన్నావురా?" అన్నాను. వాడు కేకు నములుతూ, "లోపల చెబుతారేమో అనుకున్నాను" అన్నాడు. అంతే. మళ్ళీ ఇంటిదాకా రోడ్డు గురించే మాట్లాడాడు. ఇక్కడ నెమ్మది, అక్కడ మలుపుంది అని.

ఆరు వారాలకి ఉత్తరమొచ్చింది. ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. ఒక్క ఓటు. నేను నోరు తెరిచుంటే ఆ మూడోవాడు... సరే. ఇంకోసారి రాద్దాం, ఈసారి నేనే సాక్ష్యం రాస్తాను అని కొండమీదకి పోయాను. పోయాను అంటే, పోవడానికి రెండేళ్ళు పట్టింది. వాడు నార తడుపుతూ తలెత్తకుండా, "ఒకసారి అడిగాను మాస్టారూ. చాలు" అన్నాడు. తర్వాత పదిహేనేళ్ళ గడువూ దాటిపోయింది. తుంటి రాన్రాను పాడై రెండు కర్రల మీదకొచ్చాడు. అయినా మూడేళ్ళకోసారి వచ్చి ఈ కుర్చీకి నార బిగించి పోయేవాడు. చివరిసారి బిగించింది 2008లో, పోయేముందు. మేలో సమాధులకి పూలు పెట్టేరోజున సైన్యంలో చేసినవాళ్ళ పేర్లు చదివి జెండాలు గుచ్చుతారు కదా, వాడు కంచె అవతల నిలబడి వర్డీ సమాధి గడ్డి పీకుతుండేవాడు. ఆ పేర్లు చదివేది నేనే. ఇరవై ఏళ్ళు చదివాను, వాడి పేరు లేకుండా.

గడువు దాటినా ఇంకో బోర్డు ఉంది, పోయినవాళ్ళ తరఫున బంధువులూ అడగొచ్చు, నువ్వు కనుక్కున్నది నిజమే. ఏదీ, ఆ కాయితం ఇటివ్వు. నా సాక్ష్యమంటూ నువ్వేదో టైపు చేసి తెచ్చావు, బాగుంది కానీ ఇది కాదు, నేను రాసింది సొరుగులో ఉంది, ఎప్పుడో రాసిపెట్టుకున్నదే. తీసివ్వు. కళ్ళజోడు కూడా. ఈసారి పూర్తి పేరు పెడతాను. కాయితం కదలకుండా నువ్వు పట్టుకో.

అదీ. ఇహ వాడు పోయాక ఇల్లూ కొండా ఓమాకి వచ్చాయి. తేనెపెట్టెలు పాస్టరుకి. చెక్క చెక్కే కత్తులు మీ నాన్నకి, ఆయన వాటిని అటకమీద పడేశాడు, తుప్పు పడతాయి, నూనె రాయమను. వర్డీ బొంత, బైబిలు నీకు, నీకప్పుడు పదకొండేళ్ళేమో. అట్ట లోపల వర్డీ చేత్తో రాసుకుంది ఉంటుంది, "డెంజిల్, నా కొడుకు, 1948" అని. అది చూసే కదూ వచ్చావు నువ్వు. కుక్కని పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు. నాకా? నాకేమీ వదల్లేదమ్మా. ఒక్క తిట్టు కూడా.